ఫర్ లూప్ అయ్యాక చివరి జిల్లా ఫలితమే మిగులుతోంది, మిగతా 32 ఎక్కడికి పోయాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. తెలంగాణ 33 జిల్లాల వాన లెక్కలు జిల్లాకొక సీఎస్‌వీ ఫైల్‌గా మీ దగ్గర ఉన్నాయి. ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో ఫర్ లూప్ (ఒకే పనిని వరుసగా తిప్పి చేయించే కోడ్) పెట్టి ఒక్కో ఫైల్ చదివి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసిన మొత్తం వాన ఏటేటా పెరుగుతోందా తగ్గుతోందా అని వాలు కట్టారు. లూప్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది. తీరా చూస్తే 'ఫలితం' అనే వేరియబుల్‌లో యాదాద్రి భువనగిరి ఒక్కటే ఉంది. మీ ఫ్రెండ్ ఆర్‌బైండ్ (వరుసలని ఒకదాని కింద ఒకటి అతికించే ఫంక్షన్) వాడమన్నారు. వాడితే 33 వాలులూ వచ్చాయి గానీ, అదే పద్ధతిలో రోజువారీ డేటా మొత్తం వరుస తర్వాత వరుస పోగు చేయబోతే కంప్యూటర్ గంటల తరబడి మూలుగుతోంది.

నేరుగా జవాబు: లూప్ మొదలవకముందే జిల్లాకొక ఖాళీ గది ఉండేలా ఒక లిస్ట్ తయారు చేసుకోండి. లూప్‌లో ఏ జిల్లా ఫలితాన్ని ఆ జిల్లా గదిలో పెట్టండి. లూప్ నుంచి బయటికొచ్చాక, ఒకే ఒక్కసారి, అన్నిటినీ కలిపి టేబుల్ చేయండి. ఆర్‌బైండ్ తప్పు కాదు. దాన్ని లూప్ లోపల పిలవడమే తప్పు.

కోడ్ పేస్ట్ చేయకుండా మాటల్లోనే చెప్తున్నాను. బస్సులో కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నాననేది ఒక కారణం. కాపీ కొట్టిన కోడ్ వచ్చే నెల మళ్లీ ఇదే ప్రశ్న అడిగిస్తుందనేది రెండోది. పద్దెనిమిదేళ్లుగా వాన, పంటల లెక్కలతోనే నా పని. ఈ కింద చెప్పే తప్పుల్లో నేను చేయనిది దాదాపు లేదు.

ముందు, చివరిదే ఎందుకు మిగిలిందో చూద్దాం. 'ఫలితం' అనే పేరుని ఒక పలక అనుకోండి. మొదటి చుట్టులో ఆదిలాబాద్ వాలు రాశారు. రెండో చుట్టులో అది చెరిపేసి భద్రాద్రి కొత్తగూడెం రాశారు. అలా 33 సార్లు రాసి 32 సార్లు చెరిపారు. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో వస్తాయి కాబట్టి ఆఖరికి పలక మీద మిగిలింది యాదాద్రి. ఆర్‌లో ఫర్ లూప్ తనంతట తాను మీకేమీ తిరిగివ్వదు. లోపల మీరు ఎక్కడ దాచుకుంటే అదే మీది. ఎర్రర్ రాలేదంటే కారణం కూడా అదే: మీరు చెప్పింది అది సరిగ్గానే చేసింది.

ఇప్పుడు చేయాల్సింది. 'వెక్టర్' అనే ఫంక్షన్‌కి లిస్ట్ కావాలని చెప్పి, పొడవుగా ఫైళ్ల సంఖ్య ఇవ్వండి. 33 అని చేత్తో కొట్టకండి, ఫైళ్ల పేర్లున్న వెక్టర్‌కి (విలువల వరుసకి) 'లెంగ్త్' ఎంతో అదే ఇవ్వండి. ఎవరైనా రేపు ఇంకో ఫైల్ ఆ ఫోల్డర్లో పడేస్తే మీ కోడ్ దానంతటదే సర్దుకుంటుంది. తర్వాత లూప్‌ని ఫైళ్ల పేర్ల మీద కాకుండా వాటి వరుస సంఖ్యల మీద తిప్పండి. అందుకు 'సీక్ అలాంగ్' ఉంది. ఒకటి నుంచి లెంగ్త్ దాకా అని కోలన్ పెట్టి రాసే అలవాటు మానుకోండి. ఫోల్డర్ పేరు తప్పు కొట్టి ఫైళ్లేవీ దొరకనప్పుడు లెంగ్త్ సున్నా అవుతుంది. అప్పుడు ఆ కోలన్ ఒకటి, సున్నా అని వెనక్కి లెక్కపెట్టి లూప్‌ని రెండుసార్లు తిప్పుతుంది. సీక్ అలాంగ్ అయితే ఒక్కసారి కూడా తిప్పదు.

లూప్ లోపల ఒక్కో జిల్లాకి ఒకే వరుస ఉన్న చిన్న డేటా ఫ్రేమ్ (ఆర్‌లో టేబుల్) తయారు చేయండి: జిల్లా పేరు, వాలు, పీ విలువ (నిజంగా ఏ మార్పూ లేకపోయినా ఇంత వాలు రావడానికి ఎంత అవకాశమో), ఎన్నేళ్ల డేటా ఉంది. ఆ నాలుగో కాలమ్ ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఆ డేటా ఫ్రేమ్‌ని లిస్ట్‌లో ఐ-వ గదిలో పెట్టేటప్పుడు జంట చదరపు బ్రాకెట్లు వాడండి. ఒంటి బ్రాకెట్ పెడితే ఆర్ డేటా ఫ్రేమ్‌ని కాలమ్‌లుగా విడగొట్టి మొదటిదాన్ని మాత్రం గదిలో పెట్టి, పొడవులు కుదరలేదని ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. వార్నింగులు చదివే అలవాటు మనలో ఎంతమందికి ఉందో మీకూ తెలుసు.

లూప్ అయ్యాక 'డూ డాట్ కాల్'కి ఆర్‌బైండ్‌నీ మీ లిస్ట్‌నీ ఇవ్వండి. డీప్లయర్ ప్యాకేజీ వాడేవారైతే 'బైండ్ రోస్', డేటా డాట్ టేబుల్ ప్యాకేజీ వాడేవారైతే 'ఆర్‌బైండ్‌లిస్ట్'. 33 వరుసలకి ఏది వాడినా ఒకటే. వేలల్లో ముక్కలుంటే చివరి రెండే మేలు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి: ఒక ఫైల్లో వాన కాలమ్‌లో ఎవరో డాష్ గీత పెట్టడం వల్ల అది సంఖ్యగా కాక అక్షరాలుగా చదవబడిందనుకోండి. మామూలు ఆర్‌బైండ్ నోరు మెదపకుండా మొత్తం కాలమ్‌ని అక్షరాలుగా మార్చేస్తుంది. బైండ్ రోస్ మాత్రం ఈ రెండూ కలవవని ఆగిపోతుంది. ఆగిపోయేదే నాకు ఇష్టం.

ఇక నెమ్మది సంగతి. మీ ఫ్రెండ్ చెప్పిన పద్ధతి ఇది: ఖాళీ డేటా ఫ్రేమ్‌తో మొదలుపెట్టి, ప్రతి చుట్టులో పాతదానికి కొత్త వరుస ఆర్‌బైండ్ చేసి, మళ్లీ అదే పేరులో పెట్టుకోవడం. చూడ్డానికి బస్తా మీద బస్తా పేర్చినట్టే ఉంటుంది. నిజానికి జరిగేది వేరు. కొత్త బస్తా వచ్చిన ప్రతిసారీ ఆర్ ఒక బస్తా ఎక్కువ పట్టే కొత్త గోదాం కట్టి, పాత గోదాంలోని బస్తాలన్నీ అందులోకి మోసి, ఆ తర్వాత కొత్తది పెడుతుంది. పదో బస్తాకి తొమ్మిది మోయాలి, వెయ్యో బస్తాకి 999 మోయాలి.

మీ లెక్కే వేసి చూద్దాం. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా 122 రోజులు. 33 జిల్లాలకి ఒక్క ఏడాదికి 4,026 వరుసలు. ఒక్కో వరుసా ఆర్‌బైండ్ చేస్తూ పోతే మోయాల్సిన పాత వరుసలు మొత్తం సుమారు 81 లక్షలు. అదే 20 ఏళ్లకి 80,520 వరుసలు, మోత సుమారు 324 కోట్లు. డేటా 20 రెట్లు పెరిగితే పని 400 రెట్లు పెరిగింది. చిన్న ఫైల్ మీద పరీక్షించినప్పుడు బాగానే ఉండి, అసలు డేటా మీద చతికిలబడటానికి కారణం ఇదే. దీనికి తోడు డేటా ఫ్రేమ్ ఆర్‌బైండ్ ప్రతిసారీ కాలమ్ పేర్లు, రకాలు, వరుస పేర్లు అన్నీ సరిచూస్తుంది. ఆ ఖర్చు వేరే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పాత పుస్తకాల్లో, పాత జవాబుల్లో వెక్టర్‌ని లూప్‌లో పెంచడమే మహాపాపం అన్నట్టు రాస్తారు. 2017లో వచ్చిన ఆర్ 3.4.0 నుంచి ఆ తీవ్రత తగ్గింది. మామూలు వెక్టర్‌కి చివరి గది దాటి విలువ పెడితే, ఆర్ ఇప్పుడు కొంచెం అదనపు చోటు కూడా ముందే తీసి పెట్టుకుంటుంది కాబట్టి ప్రతిసారీ మొత్తం కాపీ చేయాల్సిన పని లేదు. కానీ ఈ సౌకర్యం స్థానం సంఖ్యతో విలువ పెట్టినప్పుడే. 'సీ' ఫంక్షన్‌తో పాతదీ కొత్తదీ అతికిస్తే ఇది వర్తించదు, ఆర్‌బైండ్‌కి అసలే వర్తించదు. 33 జిల్లాల వాలులకి మాత్రం ఏ పద్ధతైనా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. అక్కడ ఆర్‌బైండ్ వాడినందుకు ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకండి.

నా వరకు వేగం రెండో సంగతి. లిస్ట్‌కి నేను ఓటేసేది అందుకు కాదు. ఏ జిల్లా ఫలితం ఏ గదిలో ఉందో, ఏ గది ఖాళీగా మిగిలిందో లూప్ అయ్యాక చూడొచ్చు, అందుకు. దీని విలువ నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

కొన్నేళ్ల క్రితం సరిగ్గా మీలాంటి పనే. జిల్లావారీ వాలుల టేబుల్ ఒకటి రిపోర్టులోకి వెళ్లాలి. కొన్ని ఫైళ్లు సరిగ్గా లేవని తెలుసు, ఒక్క ఫైల్ కోసం మొత్తం లూప్ ఆగిపోకూడదని 'ట్రై' (ఎర్రర్ వచ్చినా ఆగనివ్వని ఫంక్షన్) లోపల వాలు కట్టే మోడల్ పెట్టాను. పదేళ్లకన్నా తక్కువ డేటా ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేలా ఫంక్షన్‌ని నేనే రాసుకున్నాను. ట్రై ఆ ఎర్రర్‌ని మింగేసింది, లూప్ ముందుకెళ్లింది, టేబుల్‌లో 33 వరుసలూ నిండాయి. ప్రింట్ తీయబోతుండగా పక్క సీటు ఆవిడ చూసి, "ఏమండీ, మేడ్చల్‌కీ ములుగుకీ దశాంశాలతో సహా ఒకే వాలు ఎలా వచ్చింది?" అంది.

ఒకటి హైదరాబాద్ పక్కనున్న నగరం, ఇంకొకటి గోదావరి ఒడ్డున అడవి. 2023 జూలైలో ఒకే రోజు 64 సెంటీమీటర్లకు పైగా కురిసిన లక్ష్మీదేవిపేట ఉన్నది ఆ ములుగు జిల్లాలోనే. ఆ రెంటికీ ఒకే వాలు రావడం కలలో మాట. జరిగిందేమిటంటే, ములుగు జిల్లా ఏర్పడింది 2019 ఫిబ్రవరిలో. దాని పేరుతో ఉన్న ఫైల్లో అప్పటి నుంచే డేటా ఉంది. ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చింది, కొత్త మోడల్ తయారవలేదు. కానీ 'మోడల్' అనే పేరులో అంతకుముందు చుట్టులో పెట్టిన మేడ్చల్ మల్కాజిగిరి మోడల్ అలాగే ఉంది. తర్వాతి లైన్ దాన్ని తీసి ములుగు పేరు మీద రాసేసింది. అదే నెలలో ఏర్పడిన నారాయణపేటకీ అదే గతి. దానికి నల్లగొండ వాలు అంటుకుంది. ఆవిడ కంట పడకపోతే ఆ రెండు అబద్ధాలూ నా పేరు మీద అచ్చయ్యేవి.

అప్పటి నుంచి నా లూపుల్లో మూడు అలవాట్లు: ప్రతి చుట్టు మొదట్లో ఆ చుట్టులో పుట్టే వేరియబుల్‌ని ఎన్ఏ (విలువ లేదు అనే గుర్తు) చేస్తాను. ట్రైకి బదులు 'ట్రైక్యాచ్' వాడి, ఎర్రర్ వస్తే దాని సందేశాన్నే ఆ జిల్లా వరుసలో ఒక కాలమ్‌లో రాసిపెడతాను. ఎన్నేళ్ల డేటా వాడామన్న కాలమ్ తప్పనిసరి. ఇందాక చెప్పిన నాలుగో కాలమ్ ఇదే. లూప్ అయ్యాక వాలుల కాలమ్ మీద 'డూప్లికేటెడ్' నడిపి చూడటం కూడా చేస్తాను. నిజమైన డేటాలో ఏడెనిమిది దశాంశాల దాకా ఒకే సంఖ్య రెండుసార్లు వచ్చిందంటే ఎక్కడో ఏదో పాతది మిగిలిపోయినట్టే.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది. వాలులు ఒక్కటే కావాలంటే లిస్ట్ అక్కర్లేదు, సంఖ్యల వెక్టర్ చాలు. అప్పుడు చాలామంది 'న్యూమరిక్' ఫంక్షన్‌తో 33 గదుల వెక్టర్ చేసుకుంటారు. అది గదులన్నిటినీ సున్నాలతో నింపి ఇస్తుంది. ఏదైనా జిల్లా లూప్‌లో తప్పిపోతే దాని గదిలో సున్నా ఉండిపోతుంది. వాలు సున్నా అంటే వాన పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు అని అర్థం. అదొక ఫలితం. లెక్కే కట్టలేదు అనేది వేరే సంగతి. వాన లెక్కల్లో సున్నా అనేది నిజమైన విలువ, దాన్ని ఖాళీకి గుర్తుగా వాడకూడదు. వెక్టర్‌ని ఎన్ఏలతో నింపి మొదలుపెట్టండి. చివర్లో ఎన్ని ఎన్ఏలు మిగిలాయో లెక్కపెడితే ఎన్ని జిల్లాలు తప్పిపోయాయో తెలుస్తుంది.

లిస్ట్‌లో కూడా ఒక గొయ్యి ఉంది, జాగ్రత్త. ఫంక్షన్ ఏదైనా కారణంగా నల్ (అసలేమీ లేదు అనే గుర్తు) తిరిగిస్తే, దాన్ని జంట బ్రాకెట్లతో గదిలో పెట్టబోతే ఆర్ ఆ గదినే పీకేస్తుంది. ఖాళీగా ఉంచదు, గదే మాయం. గదులకి ముందుగానే జిల్లా పేర్లు పెట్టి, లూప్‌లో మాత్రం వరుస సంఖ్యతో నింపుతున్నారనుకోండి. 18వ స్థానంలో ఉన్న ములుగుకి నల్ వచ్చింది. ఆ గది పోయింది, వెనకున్న పేర్లన్నీ ఒక అడుగు ముందుకి జరిగాయి. ఇప్పుడు 19వ చుట్టులో నాగర్‌కర్నూల్ ఫలితం 19వ గదిలో పడుతుంది, కానీ ఆ గది మీద బోర్డు నల్లగొండ. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి జిల్లా ఫలితం పక్క జిల్లా పేరు మీద కూర్చుంటుంది. ఆఖరి గదికి పేరే ఉండదు. ఇంకా ఘోరం ఏమిటంటే లిస్ట్ పొడవు చూస్తే 33 సరిగ్గానే ఉంటుంది. అందుకే ఫలితంలోనే, అంటే ఆ ఒక్క వరుస డేటా ఫ్రేమ్‌లోనే, జిల్లా పేరు రాయమన్నాను. బయట బోర్డు మారినా లోపలి పేరు మారదు. ఫంక్షన్ నల్ ఇచ్చే అవకాశం ఉంటే నల్‌కి బదులు ఎన్ఏలు నింపిన ఒక వరుస ఇవ్వమనండి.

చాలామంది ఈ పాటికి "లూప్ ఎందుకండీ, ఎల్‌అప్లై వాడమనొచ్చుగా" అంటారు. అనొచ్చు. ఎల్‌అప్లై అంటే మనం పైన చేత్తో చేసిన పనే: లిస్ట్ చేయడం, గదులు నింపడం అది చూసుకుంటుంది. పైగా ప్రతి చుట్టూ ఒక ఫంక్షన్ లోపల నడుస్తుంది కాబట్టి మేడ్చల్ మోడల్ ములుగుకి అంటుకునే ప్రమాదం ఉండదు. కొత్తగా రాసేటప్పుడు నేను ముందు ఒక జిల్లాకి ఫంక్షన్ రాస్తాను, దాన్ని ఆదిలాబాద్ మీద ఒకసారి నడిపి కళ్లతో చూస్తాను, ఆ తర్వాతే ఎల్‌అప్లైకి అప్పగిస్తాను. కానీ ఎల్‌అప్లై ఫర్ లూప్ కంటే ఎన్నో రెట్లు వేగం అన్న మాట నమ్మకండి. గదులు ముందే చేసుకున్న లూప్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు. మీకు లూపే సులువుగా ఉంటే లూపే రాయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎల్‌అప్లైకి మారితే మొదటి రోజే తగిలే దెబ్బలు రెండు. ఒకటి, ఫంక్షన్ చివరి లైన్‌లో ఏ విలువ వస్తే అదే బయటికొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలని చివర్లో 'క్యాట్'తో జిల్లా పేరు ప్రింట్ చేశారో, క్యాట్ ఇచ్చేది నల్ కాబట్టి మీకు 33 నల్‌లు దక్కుతాయి. ఆ క్యాట్ మొదటి లైన్‌లో పెట్టండి. రెండోది, లోపల నుంచి బయటి లిస్ట్‌లో విలువ పెట్టబోతే అది బయటికి రాదు, లోపలే ఒక కాపీ పుట్టి అక్కడే చస్తుంది. దానికి జంట బాణం (<<-, బయటి వేరియబుల్‌ని లోపలి నుంచి మార్చే గుర్తు) వాడమని సలహాలు కనిపిస్తాయి. వాడకండి, ఫంక్షన్ విలువని తిరిగివ్వనివ్వండి.

ఎస్‌అప్లై గురించి కూడా. చేత్తో తడుముకుంటూ చూసుకునేటప్పుడు హాయిగా ఉంటుంది. సేవ్ చేసే స్క్రిప్టులో మాత్రం పెట్టను. అన్ని జిల్లాలకీ ఒకే సంఖ్య వస్తే వెక్టర్ ఇస్తుంది, రెండేసి వస్తే మ్యాట్రిక్స్ ఇస్తుంది, ఒక్క జిల్లాకి తేడాగా వస్తే మొత్తం లిస్ట్ ఇస్తుంది. నిన్న పనిచేసిన కోడ్ ఇవాళ ఎందుకు విరిగిందో వెతుక్కోవాలి. వీఅప్లైకి "ఒక్కోదానికీ ఒక సంఖ్య రావాలి" అని ముందే చెప్పొచ్చు, రాకపోతే అక్కడికక్కడే ఆగుతుంది.

మీ రెండో పోస్టులో తేదీల మీద లూప్ తిప్పితే వింత సంఖ్యలు వస్తున్నాయన్నారు. ఫర్ లూప్ తేదీకున్న 'తేదీ' అనే ముద్రని తీసేసి ఉత్త సంఖ్యని చేతికిస్తుంది. ఆ సంఖ్య 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులో చెప్తుంది. మీకు కనబడిన 19723 అంటే 2024 జనవరి 1. ఇక్కడ కూడా మందు అదే: తేదీల మీద కాకుండా సీక్ అలాంగ్‌తో వరుస సంఖ్యల మీద తిరిగి, లోపల ఐ-వ తేదీని తీసుకోండి. ముద్ర చెక్కుచెదరదు.

ఏం దాచుకోవాలి, ఏం వదిలేయాలి అనేది ఇంకో సంగతి. వాలు కట్టే 'ఎల్ఎమ్' ఫంక్షన్ ఇచ్చే మోడల్ మొత్తాన్ని గదిలో పెట్టేయడం సులువే, 33కి పర్వాలేదు. కానీ ఒక్కో మోడల్ తనతో పాటు అది వాడిన డేటాని, మిగుళ్లని, ఇంకా బోలెడు సామానుని మోసుకు తిరుగుతుంది. మీరు తర్వాత బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటా నుంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసి లెక్క కట్టడం) చేస్తానన్నారు కదా, జిల్లాకి వెయ్యి చొప్పున 33,000 మోడళ్లు. రోజువారీ డేటా మీదైతే మెమరీ అక్కడే మునుగుతుంది. మీకు కావలసింది వాలు ఒక్కటే అయితే వెయ్యి వరుసలు, 33 కాలమ్‌ల మ్యాట్రిక్స్ ఎన్ఏలతో చేసుకుని నింపండి. సంఖ్యకి 8 బైట్ల లెక్కన మొత్తం 264 కిలోబైట్లు, ఫోన్లో తీసిన ఒక ఫోటో అంత కూడా ఉండదు.

బూట్‌స్ట్రాప్ అన్నాం కాబట్టి ఇదీ: 'సెట్ సీడ్' (యాదృచ్ఛిక సంఖ్యలు ఎక్కడ మొదలవ్వాలో స్థిరపరిచేది) లూప్‌కి ముందు ఒక్కసారి పెట్టండి. ఒకే సంఖ్యతో లూప్ లోపల పెడితే వెయ్యిసార్లూ అవే శాంపిళ్లు వస్తాయి, వెయ్యి వాలులూ ఒకటే అవుతాయి, స్టాండర్డ్ ఎర్రర్ సున్నా వస్తుంది. ఒక కుర్రాడు అలా సున్నా తెచ్చుకుని "సార్, నా ఎస్టిమేట్ ఎంత కచ్చితంగా ఉందో చూడండి" అని మురిసిపోయాడు. పాపం, చెప్పడానికి నాకే మనసొప్పలేదు.

గంటల తరబడి నడిచే లూప్ అయితే మెమరీని నమ్ముకోకండి. ఒక ఎండాకాలం రాత్రంతా నడవడానికి లూప్ పెట్టి ఇంటికెళ్లాను. తెల్లారుజామున కరెంట్ పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉందని ఆ పొద్దున తెలిసింది. లిస్ట్ మొత్తం మెమరీలోనే ఉంది కాబట్టి అదీ పోయింది. ఇప్పుడు ప్రతి చుట్టు చివర ఆ జిల్లా ఫలితాన్ని 'సేవ్ ఆర్‌డీఎస్'తో దాని పేరున్న ఫైల్‌గా డిస్క్ మీద రాస్తాను. చుట్టు మొదట్లో ఆ ఫైల్ ఉందా అని చూసి, ఉంటే 'నెక్స్ట్' అని దాటేస్తాను. మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటి నుంచే సాగుతుంది. చివర్లో ఆ ఫైళ్లన్నీ చదివి లిస్ట్ చేసి ఒక్కసారి కలపడమే. దీంతో చిక్కు ఒక్కటే: మధ్యలో లెక్క పద్ధతి మార్చి పాత ఫైళ్లు తీసేయడం మర్చిపోతే సగం పాత ఫలితాలు, సగం కొత్తవి కలిసిపోతాయి. పద్ధతి మారినప్పుడల్లా ఫోల్డర్ పేరు మార్చండి.

ప్యారలల్‌గా (ఒకేసారి పలు కోర్ల మీద) నడపమని ఎవరైనా చెప్తే, మీ 33 జిల్లాలకి అవసరం లేదు. బూట్‌స్ట్రాప్‌కి కావాలంటే ఒకటి తెలుసుకోండి: అక్కడ ప్రతి ముక్కా వేరే ఆర్ ప్రాసెస్‌లో నడుస్తుంది, లోపల మీ లిస్ట్‌లో ఏది పెట్టినా మీ దాకా రాదు. ఫంక్షన్ తిరిగిచ్చే విలువ మాత్రమే వస్తుంది. ఎల్‌అప్లై అలవాటు ఉన్నవాళ్లకి ఇది ఇబ్బంది కాదు. ఎంసీఎల్‌అప్లై విండోస్‌లో ఒకటికన్నా ఎక్కువ కోర్లతో నడవదు, అక్కడ పార్‌ఎల్‌అప్లై వాడాలి. సీడ్ పద్ధతి కూడా మారుతుంది, దానికి విడిగా అడగండి.

కింద ఒకరు పైథాన్‌లో, ఇంకొకరు స్టేటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఇదెలా అని అడిగారు. పైథాన్‌లో మామూలు లిస్ట్‌కి 'అపెండ్' చేస్తూ పోవచ్చు, అది ఖరీదైన పని కాదు, గదులు ముందే చేసుకోనక్కర్లేదు. ఖరీదైనది పాండాస్ (పైథాన్‌లో టేబుళ్ల లైబ్రరీ) డేటా ఫ్రేమ్‌ని అపెండ్ చేయడం. జనం ఎంత చెప్పినా లూపుల్లో అదే వాడుతుండటంతో పాండాస్ వాళ్లు 2023లో వచ్చిన 2.0లో ఆ మెథడ్‌నే తీసేశారు. లిస్ట్‌లో పోగేసి చివర ఒక్కసారి 'కాన్‌క్యాట్'. స్టేటాలో అయితే 'పోస్ట్‌ఫైల్' తెరిచి, లూప్‌లో 'పోస్ట్' చేస్తూ, చివర 'పోస్ట్‌క్లోజ్'. ఫైల్ ముందు తెరవాలి, కాలమ్‌లు ముందే చెప్పాలి అని పట్టుబడుతుంది కాబట్టి స్టేటా నేర్చుకున్నవాళ్లు మీ ప్రశ్న అంతగా అడగరు.

ఇక మీ డేటా గురించి, అడగకపోయినా చెప్పాల్సింది ఒకటి. మీ జిల్లా ఫైళ్లు ఏడాదికొక సెట్‌గా వచ్చినవాటిని కలిపి చేసినవన్నారు. 2021 ఆగస్టుకు ముందు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు జిల్లాలుండేవి. తర్వాత అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. జిల్లా పేరు పట్టుకుని ఏళ్లని కలిపితే అర్బన్, రూరల్ అనే రెండు ముక్కలు 2021లో ఆగిపోతాయి, హనుమకొండ, వరంగల్ అనేవి అక్కడ కొత్తగా పుడతాయి. లూప్‌కి ఇదేమీ పట్టదు, 35 జిల్లాలకి వాలులు కట్టి చేతిలో పెడుతుంది. జనగామ, జనగాం లాంటి స్పెల్లింగ్ తేడాలు ఉంటే ఇంకా పెరుగుతాయి. లూప్‌కి ముందే పాత పేరు, కొత్త పేరు అని రెండు కాలమ్‌ల చిన్న టేబుల్ పెట్టుకుని పేర్లన్నీ ఒక దారికి తెచ్చుకోండి. ములుగు, నారాయణపేటల పాత ఏళ్ల డేటా కావాలంటే మాత్రం జిల్లా ఫైళ్లలో దొరకదు. మండలాల స్థాయి డేటా తీసుకుని ఇప్పటి హద్దుల ప్రకారం కలుపుకోవాలి. అది లూప్‌తో తేలే పని కాదు, ఒక పూట కూర్చోవాలి.

ముందు లిస్ట్ పద్ధతిలో ఒకసారి నడిపి, మూడు సంఖ్యలు ఇక్కడ పెట్టండి: ఫైళ్లు ఎన్ని, లిస్ట్‌లో నల్ గదులు ఎన్ని, చివరి టేబుల్‌లో వేర్వేరు జిల్లా పేర్లు ఎన్ని. మూడోది 33 రాకపోతే ఆ పేర్ల వరుస కూడా పెట్టండి, రాత్రి ఇంటికెళ్లాక చూస్తాను.